ఇంగువ కట్టిన గుడ్డ, షెర్రీ పట్టిన పీపా

ఇంగువ అంతా అయిపోయినా అది కట్టిన గుడ్డను వాసన విడువదు. వెనుకటి వైభవపు ఆనవాలు మిగిలినవారిని గురించి తెలుగువారు చెప్పుకునే ఈ మాటలో ఒక రసాయన సత్యం ఇమిడి ఉన్నది. పాత్ర తనలో ఉంచిన వస్తువును గుర్తుపెట్టుకొంటుంది; తరువాత వచ్చిన వస్తువుకు ఆ గుర్తును అందిస్తుంది. ఆవకాయ జాడీని ఎంత కడిగినా అందులో పాలు పోయడానికి ఇల్లాలు ఒప్పుకోదు కదా!

స్కాట్లండు దేశంలో ఈ సత్యం మీదనే ఒక పెద్ద పరిశ్రమ నిలిచి ఉన్నది. అక్కడ బార్లీ ధాన్యాన్ని మొలకెత్తించి, పులియబెట్టి, రాగి బట్టీలలో కాచి తీసిన సారాన్ని ఓకు చెక్క పీపాలలో ఏళ్ళ తరబడి నిలువ ఉంచుతారు. ఒకే బట్టీశాలలో, మొలకెత్తించిన బార్లీ నుంచి మాత్రమే తయారైనదానికి సింగిల్ మాల్ట్ విస్కీ అని పేరు. ఆ పీపాలో అంతకుముందు స్పెయిను దేశపు షెర్రీ అనే ద్రాక్షాసవం నిలువ ఉండి ఉంటే, దానిని షెర్రీ పీపాలో పండిన విస్కీ అంటారు. పరీక్షించే నిపుణుడు దానిని ముక్కు దగ్గర పెట్టుకొని ఎండుద్రాక్ష, ఖర్జూరం, లవంగం, అక్రోటు, బెల్లపు పాకం అని వరుసగా పేర్లు చెబుతాడు. బార్లీలో ఎండుద్రాక్ష లేదు. బట్టీలో ఎవరూ లవంగం వేయలేదు. మరి ఈ వాసనలు ఎక్కడివి?

ఈ ప్రశ్నకు జవాబు కొంత రసాయన శాస్త్రంలోను, కొంత ఓడల వ్యాపారంలోను, కొంత సుంకాల చట్టంలోను ఉన్నది. ఆ జవాబు తెలిసిన తరువాత, కడప జిల్లాలోని పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలలో ఒకప్పుడు అమ్మిన సారాయి ఎందుకు నీళ్ళవలె తెల్లగా, గొంతులో మంటగా ఉండేదో కూడా తెలుస్తుంది. రెండూ ఒకే శాస్త్రం నుంచి పుట్టినవే. వాటిని వేరు చేసినది కాలం. ఆ కాలాన్ని ఒకచోట ఇచ్చి, మరొకచోట ఇవ్వనిది చట్టం.

చెమట నుంచి పుట్టిన మాట

ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి, తిరిగి ద్రవంగా పట్టడాన్ని తెలుగులో స్వేదనం అంటారు. స్వేదమనగా చెమట. కుండ మూత లోపల ఆవిరి చల్లబడి చెమటవలె బొట్లు కట్టడమే ఈ పేరుకు కారణం. చిత్రమేమనగా, అరబ్బులు కూడా ఇదే పోలికను పట్టుకొన్నారు. వారి భాషలో 'అరక్' అంటే చెమటే. సారాయికి ఇంగ్లీషువారు వాడిన పేరు ఈ మాట నుంచి వచ్చినదే.

స్వేదనం చాలా పాత విద్య. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో రసవాదులు క్రీస్తు శకం తొలి శతాబ్దాలలోనే బట్టీలను వాడారు. వాయవ్య భారతంలో తక్షశిల, షైఖాన్ ఢేరీల వద్ద త్రవ్వకాలలో దొరికిన మట్టిపాత్రలను చూసి, స్వేదనానికి భారతదేశమే పాత ఇల్లు కావచ్చునా అని పురాతత్వవేత్త ఆల్చిన్ 1979లో ప్రశ్నించాడు. పండితులలో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. స్కాట్లండులో దీనికి దొరికిన ప్రసిద్ధమైన తొలి ఆధారం 1494వ సంవత్సరపు ఖజానా లెక్కల పట్టీ. జాన్ కోర్ అనే సన్యాసికి 'జీవజలం' తయారు చేయడానికి ఎనిమిది బోలుల మాల్టు ఇచ్చినట్లు అందులో వ్రాసి ఉన్నది. బోలు అక్కడి పాత ధాన్యపు కొలత.

మాల్టు అనే మాట రాయలసీమ విద్యార్థికి కొత్త కాదు. రాగులను నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, విసిరిన పిండే రాగిమాల్టు. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో డయాస్టేసు అనే ఎంజైము పుడుతుంది. అది గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. పసిబిడ్డకు రాగిమాల్టు సులభంగా అరగడానికి కారణం అదే. బార్లీలోనూ ఇదే జరుగుతుంది. ఆ చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవి ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను విడగొడుతుంది. ఆల్కహాలు 78 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఈ తేడా వలననే కాచినప్పుడు వచ్చే ఆవిరిలో ఆల్కహాలు పాలు ఎక్కువగా ఉంటుంది.

కాచడానికి ఎంత కట్టె కావాలి, చల్లార్చడానికి ఎంత నీరు కావాలి అన్నది బట్టీ యజమానికి పెద్ద చిక్కు. ఈ చిక్కుకు మూలమైన సూత్రం గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే బయటపడినది. నీరు మరుగుతున్నప్పుడు ఎంత వేడి ఇచ్చినా ఉష్ణోగ్రత పెరగదనీ, ఆ వేడి ఆవిరిలో దాగి ఉంటుందనీ జోసెఫ్ బ్లాక్ 1760ల దశకంలో నిరూపించాడు. దీనినే గుప్తోష్ణం అంటారు. ఆవిరి గుప్తోష్ణాన్ని కొలవడంలో అతనికి తోడ్పడిన శిష్యుడు విలియం ఇర్విన్. తరువాత గ్లాస్గోలో రసాయన శాస్త్రాన్ని ఇర్వినే బోధించాడు.

ఆ పాఠాలు విన్న గ్లాస్గో కుర్రవాళ్ళలో ఒకనికి కడప జిల్లాతో గట్టి సంబంధం ఏర్పడినది. అతడే 1761లో పుట్టిన థామస్ మన్రో. 1780లో సైనికుడుగా మద్రాసు చేరి, నిజాము 1800లో కుంఫిణీకి దత్తం చేసిన మండలాలకు ప్రధాన కలెక్టరై, 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. పులివెందుల, జమ్మలమడుగు సీమలు ఆ దత్తమండలాలలోనివే. మన్రో ఇక్కడ స్థిరపరచినది భూమిశిస్తు పద్ధతి. సారాయితో అతని పేరు ముడిపెట్టవలసిన పనిలేదు. అయినప్పటికీ ఒక విషయం గమనింపదగినది. విస్కీ పుట్టిన దేశమూ, కడప సీమా అప్పటినుంచి ఒకే ప్రభుత్వపు సుంకాల నీడలోకి వచ్చినవి. తరువాతి కథ అంతా ఆ నీడలోనే నడిచినది.

అగ్నికి ముందు చెట్టు, అగ్నికి తరువాత చెట్టు

సారాయికి చెట్టుతో సంబంధం స్కాట్లండులోనే కాదు, దక్షిణ భారతంలోనూ ఉన్నది. మెట్టనేలల్లో పెరిగే తెల్లతుమ్మకు ఇంగ్లీషు వృక్షశాస్త్ర గ్రంథాలలో 'సారాయి కాచేవారి తుమ్మ' అనే అర్థం వచ్చే పేరు ఉన్నది. బెల్లపు నీటినో, చెట్టు నుంచి గీచిన తీపినీటినో పులియబెట్టేటప్పుడు ఆ చెట్టు బెరడును అందులో వేసేవారు. తమిళులు ఇటువంటి సారాయిని 'పట్టై చారాయం' అన్నారు. పట్టై అంటే బెరడు.

బెరడు ఎందుకు? దానిలో టానిన్లు ఉన్నవి. టానిన్లు ఎటువంటివో కరక్కాయ కొరికినవారికి, వక్క నమిలినవారికి చెప్పనక్కరలేదు. నాలుక మీద ఒగరు పుట్టించేవి అవే. మాంసకృత్తులను పట్టి బంధించడం వాటి గుణం. రాయలసీమలో తంగేడు చెక్కతో తోళ్ళు పదును పెట్టడానికి ఆధారం ఈ గుణమే. పులిసే ద్రవంలో తేలే మాంసకృత్తులను కూడా టానిన్లు పట్టి అడుగుకు దించుతాయి.

అయితే టానిన్లు ఆవిరి కావు. బట్టీ కింద నిప్పు పెట్టగానే ఆల్కహాలు పైకి పోతుంది. టానిన్లు కుండ అడుగునే మిగిలిపోతాయి. అందువలన తుమ్మ బెరడు ఎంత వేసినా, దిగిన సారాయికి రంగు రాదు, ఒగరు రాదు. స్కాట్లండులో రాగి బట్టీ నుంచి అప్పుడే దిగిన సారం కూడా ఇంతే. స్వచ్ఛమైన నీటివలె ఉంటుంది. అక్కడ చెట్టు ప్రవేశించేది అగ్ని పని ముగిసిన తరువాత. సారం ఓకు పీపాలో పడినప్పుడు చెక్కలోని టానిన్లు, ఇతర పదార్థాలు అందులో కరిగి, అందులోనే నిలిచిపోతాయి. దక్షిణాదిన చెట్టు అగ్నికి ముందు వచ్చినది, అక్కడ అగ్నికి తరువాత వచ్చినది. రుచిలోని తేడా అంతా ఇక్కడ మొదలవుతుంది.

ఓడ దిగిన పీపా

పీపాలో నిలువ ఉంచితే విస్కీ బాగుపడుతుందని ఎవరో ఒక శాస్త్రజ్ఞుడు ముందుగా ఊహించి చేసిన పని కాదు ఇది. పీపా అసలు రవాణా పాత్ర. దొర్లించవచ్చును, పేర్చవచ్చును, ఓడలో కట్టవచ్చును.

స్పెయిను దక్షిణ భాగంలో ఖెరెజ్ అనే ఊరు ఉన్నది. ఆ పేరే ఇంగ్లీషువారి నోట షెర్రీ అయినది. అక్కడి ద్రాక్షాసవానికి ఇంగ్లండులో చాలా గిరాకీ ఉండేది. 1587లో ఫ్రాన్సిస్ డ్రేక్ కాదిజ్ రేవు మీద దాడి చేసి, దాదాపు 2,900 పీపాల షెర్రీని పట్టుకుపోయినాడు. తరువాతి శతాబ్దాలలో వ్యాపారులే పీపాల కొద్దీ తెప్పించి, బ్రిటిష్ రేవులలో సీసాలకు ఎత్తేవారు. ఖాళీ పీపాలను మళ్ళీ స్పెయిను పంపడం కన్నా అక్కడే అమ్మివేయడం చవక. కొన్నవారు విస్కీ వ్యాపారులు. చవకగా దొరికిన పాత పీపాలో పోసిన విస్కీ, కొంతకాలానికి ఎర్రబారి, మృదువుగా మారి, కమ్మని వాసన వేయడం వారు గమనించారు. అవసరం కోసం చేసిన పని అలవాటైనది. అలవాటు రుచిగా స్థిరపడినది.

ఈ ఏర్పాటు 1980ల దశకంలో మారిపోయినది. షెర్రీని స్పెయినులోనే సీసాలకు ఎత్తవలెనని అక్కడ నియమం వచ్చినది. ఓడలలో పీపాలు రావడం ఆగిపోయినది. అప్పటినుంచి విస్కీ తయారీదారులు ఖెరెజ్ ప్రాంతంలో కొత్త పీపాలు చేయించి, వాటిలో ఏడాది నుంచి రెండేళ్ళ వరకు షెర్రీ పోయించి, తరువాత ఖాళీ చేయించి తెప్పించుకొంటున్నారు. పూర్వం షెర్రీ కోసం పీపా వచ్చేది. ఇప్పుడు పీపా కోసం షెర్రీ పోస్తున్నారు. గుడ్డకు వాసన పట్టించడం కోసమే ఇంగువ కట్టినట్లున్నది ఈ పద్ధతి.

పీపాలో ఏమి జరుగుతుంది?

ఓకు చెక్కలో సెల్యులోజు, హెమీసెల్యులోజు, లిగ్నిన్, టానిన్లు ముఖ్యమైనవి. పీపా చేసేవాడు పలకలను వంచడానికి, లోపలి భాగాన్ని సిద్ధం చేయడానికి నిప్పు సెగ చూపుతాడు. ఆ సెగకు హెమీసెల్యులోజు విడిపోయి, మాడిన పంచదార వాసన గల పదార్థాలనిస్తుంది. నిపుణుడు బెల్లపు పాకం అన్నది వీటినే. లిగ్నిన్ విడిపోయి వనిలిన్ అనే ఆల్డిహైడును ఇస్తుంది. ఐస్‌క్రీములలో వేసే వెనిల్లా వాసనకు మూలమైనది ఇదే. లవంగపు వాసన యూజినాల్ అనే పదార్థానిది. వంటింటి లవంగంలో ఉన్నదీ, ఓకు చెక్కలో కొద్దిగా ఉన్నదీ ఒకే అణువు. నిపుణుడు లవంగం అన్నప్పుడు కవిత్వం చెప్పడం లేదు. రసాయన విశ్లేషణ చెబుతున్నాడు.

షెర్రీ వంతు ఏమిటి? పీపా ఖాళీ అయినా చెక్క రంధ్రాలలో కొన్ని లీటర్ల ద్రాక్షాసవం ఇంకి ఉంటుంది. గాలి తగిలేటట్లు పండించే ఒలొరోసో అనే రకపు షెర్రీ ఇందుకు ఎక్కువగా వాడుతారు. దాని నుంచే అక్రోటు, ఎండుద్రాక్ష ఛాయలు కొంత వస్తాయి. అయితే రుచిలో పెద్ద భాగం చెక్కదేనని పరిశోధకులు గ్రహించారు. ఐరోపా ఓకులో టానిన్లు ఎక్కువ. అందుచేత ముదురు రంగు, ఎండుపండ్ల, సుగంధద్రవ్యాల వాసన, ఒగరు వస్తాయి. అమెరికా ఓకులో లాక్టోనులు అనే పదార్థాలు ఎక్కువ. వాటిది కొబ్బరి వాసన.

చెక్క ఇచ్చేవి ఇవి. చెక్క ద్వారా వచ్చేది మరొకటి ఉన్నది, అది గాలి. పీపా పలకలు నీరు కారనివ్వవు గాని, గాలిని కొద్దిగా లోపలికి రానిస్తాయి. ఆమ్లజని మెల్లగా ఆల్కహాలును ఆక్సీకరించి ఆల్డిహైడులను, ఆమ్లాలను కలిగిస్తుంది. ఆ ఆమ్లాలు ఆల్కహాలుతో కలిసి ఎస్టర్లవుతాయి. పండిన అరటి, పైనాపిల్ వంటి పండ్ల సువాసనలు చాలావరకు ఎస్టర్లవే. ఈ మార్పులన్నీ నెమ్మదిగా జరిగేవి. నెలలు చాలవు, ఏళ్ళు కావాలి.

కాలానికి ఎవరు పెట్టుబడి పెడతారు?

ఇక్కడ చరిత్రలో అసలు మలుపు వస్తుంది. సరుకు దిగిన రోజే సుంకం కట్టవలసి వస్తే, ఏ వ్యాపారి పదేళ్ళు పీపాలో ఉంచుతాడు? ప్రతి ఏడూ కొంత ఆవిరైపోతుంది. కట్టిన సుంకం మాత్రం తిరిగి రాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో స్కాట్లండులో సుంకాలు భరించలేక కొండల్లో దొంగబట్టీలు పెరిగినవి. దొంగసారాకు నిలువ అనే మాటే లేదు. కాచిన రాత్రే దాటించవలసినదే.

1823వ సంవత్సరపు సుంకాల చట్టం ఈ స్థితిని మార్చినది. లైసెన్సు రుసుమును ఏడాదికి 10 పౌన్లుగా నిర్ణయించి, సుంకాన్ని బాగా తగ్గించినది. సర్కారు తాళం ఉన్న గిడ్డంగిలో సరుకును సుంకం చెల్లించకుండా నిలువ ఉంచే వీలు కలిగించినది. 1824లో గ్లెన్‌లివెట్ లోయలో జార్జి స్మిత్ అక్కడివారందరికన్న ముందుగా లైసెన్సు తీసుకొన్నాడు. సుంకం గిడ్డంగి దాటినప్పుడు గాని పడదు కాబట్టి, వ్యాపారికి ఆగే ఓపిక వచ్చినది.

తరువాత ఆగడమే చట్టమైనది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయుధ కర్మాగారాల కార్మికులు పచ్చిసారం తాగి పని చెడగొడుతున్నారని లాయిడ్ జార్జి ఆందోళన చెందాడు. 1915లో వచ్చిన చట్టం కనీసం రెండేళ్ళు పీపాలో ఉంచని సరుకు అమ్మరాదన్నది. 1916లో అది మూడేళ్ళయినది. తాగుడు తగ్గించడానికి చేసిన చట్టం రుచికి కొలబద్ద అయినది. నేటికీ స్కాచి విస్కీ నిబంధనలలో ఆ మూడేళ్ళ గడువు ఉన్నది. పీపా ఓకుదై ఉండవలెననీ, 700 లీటర్లు మించరాదనీ 2009 నిబంధనలు చెబుతున్నవి.

అదే ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో నడిపిన పద్ధతి వేరు. 1886 నాటి ఆబ్కారీ చట్టం కింద కల్లు, సారాయి అమ్మే హక్కును వేలం వేసేవారు. ఎక్కువకు పాడినవానికి దుకాణం దక్కేది. పాటదారు గడువు ఏడాదితో ముగుస్తుంది. పాట సొమ్ము రాబట్టుకోవాలంటే వచ్చిన సరుకు వచ్చినట్లే అమ్ముడుపోవాలి. పదేళ్ళ తరువాత బాగుంటుందని పీపాలో పోసి కూర్చునే పాటదారు ఎక్కడైనా ఉంటాడా? స్కాట్లండు చట్టం వ్యాపారికి కాలాన్ని ఇచ్చినది. ఇక్కడి వేలంపాట తొందరను ఇచ్చినది. పులివెందుల తాలూకాలో మట్టికీ, గాలికీ, మనిషి నైపుణ్యానికీ లోపమున్నదని కాదు. కుండ నుంచి గొంతుకు మధ్య సారాయికి నిలిచే చోటు లేకపోయినది.

ఆ తొందరకు మూల్యం చెల్లించినది కూలివాని ఇల్లు. అందువలననే మద్యనిషేధ చరిత్రలో కడప జిల్లాకు ముందువరుస స్థానం ఉన్నది. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టినది. సరిగా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. పోయిన ఆబ్కారీ రాబడికి బదులుగా 1939లో అమ్మకం పన్ను వచ్చినది. యుద్ధకాలంలో నిషేధం సడలినా, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైనది. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రపు ప్రకాశం మంత్రివర్గం ఈ నిషేధ సమస్య మీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. తరువాతి దశకాలలో సారాయి తిరిగి వచ్చినది. 1980లలో అది ప్లాస్టిక్ ప్యాకెట్లకు ఎక్కినది. చెక్క పీపా ఇచ్చే గుణం కాని, మట్టికుండ చల్లదనం కాని ఆ సంచికి లేవు. చేతి నుంచి చేతికి తొందరగా చేరడమే దాని పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలైన స్త్రీలు లేవదీసిన ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, సారా పాటలను అడ్డుకొన్నది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలినది.

ఎండ తీసుకొనే వాటా

ఓకు పీపాను పులివెందులలో పెడితే ఏమవుతుంది? ఇది లెక్క వేసి చూడదగిన ప్రశ్న. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెండింతలవుతుందని స్థూలంగా చెబుతారు. స్కాట్లండు ఉత్తర భాగంలో ఏడాది సగటు సుమారు 8 డిగ్రీలు. కడప జిల్లా సగటు అంతకన్న 20 డిగ్రీలు హెచ్చు. వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ లెక్కన ఇక్కడ చర్యలు నాలుగింతలు వేగంగా నడవాలి.

కాని ఆవిరి కూడా అంతే తొందరపడుతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది సన్నని రంధ్రాల ద్వారా నీరు ఆవిరైపోవడం వలననే. పీపా కూడా అటువంటిదే. స్కాట్లండులో ఏడాదికి సుమారు 2 శాతం ఇలా పోతుంది. అక్కడివారు దీనిని 'దేవదూతల వాటా' అని వేడుకగా అంటారు. రాయలసీమకు పొరుగున బెంగుళూరులో ఈ వాటా 10 నుంచి 12 శాతం వరకు ఉంటుంది. అక్కడ 1948లో రాధాకృష్ణ జగదాళే స్థాపించిన అమృత్ సంస్థ, తన సింగిల్ మాల్టును 2004లో గ్లాస్గో నగరంలోనే మొదట విడుదల చేసినది. షెర్రీ పీపాలో కొంతకాలం పండించిన రకాన్ని 2010లో వెలువరించినది. స్కాచి అనే పేరు స్కాట్లండులో తయారై, అక్కడే పండినదానికే చెల్లుతుంది కనుక, ఇవి భారతీయ సింగిల్ మాల్టులు మాత్రమే.

విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. 500 లీటర్ల పీపా ఉన్నదనుకొందాం. ఏడాదికి 2 శాతం పోతే, పన్నెండేళ్ళకు మిగిలేది సుమారు 392 లీటర్లు. 10 శాతం పోతే, అదే కాలానికి మిగిలేది 141 లీటర్లు మాత్రమే. చక్రవడ్డీ సూత్రమే, వడ్డీ మాత్రం ఆకాశానికి పోతుంది. వేడిసీమలో నాలుగైదేళ్ళకే పీపాను దించడానికి కారణం ఇదే. ఇంకా ఉంచితే చెక్క టానిన్లు మితిమీరి కరక్కాయ రుచి పైకి వస్తుంది. గాలిలోని తేమ కూడా లెక్కలోకి వస్తుంది. స్కాట్లండు తడిగాలిలో ఆల్కహాలు ఎక్కువగా పోయి, సరుకు బలం తగ్గుతుంది. పొడిగాలిలో నీరు ఎక్కువగా పోయి, బలం పెరుగుతుంది. కావున వయస్సు అంకెను చూసి రెండు దేశాల సరుకును పోల్చడం తగదు. చెక్కకు తెలిసినది పంచాంగం కాదు, వేడి.

ముక్కు చేసే పరీక్ష

నిపుణుడు పరీక్షించే తీరు ప్రయోగశాల పద్ధతికి దగ్గరగా ఉంటుంది. గ్లాసు అడుగున వెడల్పుగా, అంచున ఇరుకుగా ఉంటుంది. వాసనలు చెదరకుండా పైకి చేరడానికి ఆ ఆకారం. మొదట రంగు చూస్తాడు, కాని దానిని పూర్తిగా నమ్మడు. మాడిన పంచదార రంగును కలపడానికి స్కాచి నిబంధనలు అనుమతిస్తున్నవి. తరువాత వాసన చూస్తాడు. అగ్గిపుల్ల గీసిన వాసన తగిలితే, పీపా చెడకుండా లోపల గంధకం పొగ పెట్టిన గుర్తు అది కావచ్చును. ఆ తరువాత నీరు కలిపి మళ్ళీ చూస్తాడు. విస్కీలను కలిపే నిపుణులు ఆల్కహాలు బలాన్ని సుమారు 20 శాతానికి తగ్గించి, ఎక్కువగా ముక్కుతోనే పని ముగిస్తారు. రోజుకు ఎన్నో నమూనాలు చూడవలసినవాడు తాగుతూ కూర్చుంటే తీర్పు చెప్పలేడు.

నీరు ఎందుకు? స్వీడనులోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకులు 2017లో దీనికి కంప్యూటరు లెక్కలతో ఒక జవాబు చూపారు. పొగవాసన గల గ్వయకాల్ అనే అణువు, ఆల్కహాలు బలం హెచ్చుగా ఉంటే ద్రవం లోపలే చిక్కుకొని ఉంటుంది. నీరు కలిపి 45 శాతానికో, అంతకు తక్కువకో దించితే అది పైపొరకు చేరుతుంది. అప్పుడు ముక్కుకు అందుతుంది.

రుచి అనుకొనేదానిలో ఎక్కువ భాగం నిజానికి వాసన. నాలుక గుర్తించే మూలరుచులు అయిదు. ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వీటి జన్యువులను 1991లో కనుగొన్నందుకు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి వచ్చినది. ఉగాది పచ్చడిలోని షడ్రుచులలో రెండింటిని శరీరశాస్త్రం రుచుల కింద లెక్కించదు. టానిన్లు ఉమ్మిలోని మాంసకృత్తులను బంధించినప్పుడు కలిగే స్పర్శ ఒగరు. కారం ఒక విధమైన నొప్పి. ఆల్కహాలు గొంతులో మంట పుట్టించేది మిరపకాయ మంటను తెలిపే గ్రాహకం ద్వారానే.

దీనిని తరగతిలో చూపడానికి సారాయితో పనిలేదు. ముక్కు గట్టిగా మూసుకొని ఒక బెల్లం ముక్క, ఒక యాలకి గింజ కలిపి నమలమంటే, విద్యార్థికి తీపి ఒక్కటే తెలుస్తుంది. ముక్కు వదలగానే యాలకి వాసన గుప్పుమంటుంది. కరక్కాయ పొడి నీటిలో తుప్పుపట్టిన మేకు వేసి ఉంచితే నీరు నల్లబడుతుంది. అది టానిన్లు ఇనుముతో కలిసిన గుర్తు. ఇంగువ డబ్బాలో ఒక చెక్కముక్కను, ఒక గాజుముక్కను వారం రోజులు ఉంచి, కడిగి, వాసన చూడమంటే, ఏ పాత్రకు జ్ఞాపకం ఎక్కువో పిల్లలే చెబుతారు.

ఒక్క విషయంలో మాత్రం పీపాకూ, ప్లాస్టిక్ ప్యాకెట్‌కూ భేదం లేదు. ఓకు చెక్క ఎన్ని సువాసనలు చేర్చినా, పన్నెండేళ్ళు గడిచినా, లోపలి ఆల్కహాలు ఆల్కహాలే. మద్యపానీయాలు క్యాన్సరు కలిగించేవని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే తేల్చినది. ఖరీదైన సీసాకు అందులో మినహాయింపు ఇవ్వలేదు. కాలం వాసనను పండించగలదు, మంటను మెత్తపరచగలదు. మత్తును మాత్రం తగ్గించలేదు. 1938లో కడప జిల్లాలో మూతపడిన దుకాణాల ముందు ఉన్న ప్రశ్న రుచిది కాదు. ఆ ప్రశ్నకు జవాబు రుచి పరీక్షలో దొరకదు.